ఐరాస డిజిటల్ లైబ్రరీ ఓటింగ్ రికార్డులు: పెద్ద దేశాలకు సరిపోతాయి, చిన్న దేశాలకు చాలవు

ఏ దేశం ఏ తీర్మానానికి ఎటు ఓటేసిందో చూసుకోవాలంటే ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీని మించిన చోటు ప్రస్తుతానికి లేదు. సర్వప్రతినిధి సభ, భద్రతా మండలి 1946 నుంచి ఓటింగ్ పెట్టి ఆమోదించిన తీర్మానాలు అందులో దొరుకుతాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. న్యూయార్క్‌లోని డాగ్ హామర్‌షెల్డ్ లైబ్రరీ, జెనీవాలోని ఐరాస లైబ్రరీ కలిసి దీన్ని నడుపుతున్నాయి. పెద్ద దేశాల విదేశాంగ విధానం పక్కన చిన్న దేశాలది పెట్టి పోల్చాలనుకునేవాళ్లు ముందుగా వచ్చేదీ ఇక్కడికే.

వచ్చాక చిక్కు మొదలవుతుంది. ఈ సేవ చూపించేది ఓటును. పెద్ద దేశం ఏమనుకుంటుందో ఓటులో చాలావరకు తెలిసిపోతుంది. చిన్న దేశం చేసే అసలు పని ఎక్కువగా ఓటింగ్‌కు ముందే అయిపోతుంది. ముసాయిదా రాయడం, సహ ప్రతిపాదకులను కూడగట్టడం, అసలు ఓటింగే అక్కర్లేకుండా ఏకాభిప్రాయం సాధించడం ఆ పనిలో భాగాలు. అవేవీ ఓట్ల పట్టికకెక్కవు. ఈ సంగతి సైట్‌లో ఎక్కడా రాసిపెట్టి ఉండదు కాబట్టి, పట్టికను చూసి చిన్న దేశాలకు సొంత విధానమే లేదని తేల్చేసే వ్యాసాలు పుట్టుకొస్తుంటాయి.

వెతకడం ఎలా

క్యూబా, పాలస్తీనా, ఉక్రెయిన్ అని ఇంగ్లిష్‌లో ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కితే ముసాయిదాలు, నివేదికలు, ఉత్తరాలు, ప్రసంగాలు కుప్పలుగా వచ్చిపడతాయి. అలా కాకుండా ముందు తీర్మానానికి ఐరాస ఇచ్చిన గుర్తును, అంటే దాని సంకేత సంఖ్యను సంపాదించుకోవాలి. దాన్ని డబుల్ కోట్స్ మధ్య కొట్టి, వచ్చిన ఫలితాల్లో ఓటింగ్ డేటా అనే రకాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఒకే తీర్మానానికి కనీసం మూడు నాలుగు రికార్డులు ఉంటాయి. ముసాయిదా ఒకటి, ఆమోదం పొందిన పాఠం ఒకటి, సమావేశంలో ఎవరేం మాట్లాడారో పూస గుచ్చినట్టు రాసిన పీవీ ఒకటి, ఓటింగ్ రికార్డు మరొకటి. కొత్తవాళ్లు ఎక్కువగా తీర్మానం పాఠం తెరిచి, అందులో దేశాల జాబితా ఏదని వెతుక్కుంటారు. అందులో అది ఉండదు.

గుర్తు చదవడం అయిదు నిమిషాల్లో వచ్చే విద్య. ఏ/ఆర్ఈఎస్/73/295 తీసుకోండి (సైట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టాలి). మొదటి అక్షరం సర్వప్రతినిధి సభకు, తర్వాతి మూడూ తీర్మానానికి. 73 అనేది సెషన్ సంఖ్య, 295 వరస సంఖ్య. సెషన్ సంఖ్యకు 1945 కలిపితే అది మొదలైన సంవత్సరం వస్తుంది. 73కి 2018 అన్నమాట. అయితే సెప్టెంబరులో మొదలైన సెషన్ మరుసటి ఏడాది సెప్టెంబరు దాకా సాగుతుంది కాబట్టి ఈ తీర్మానం తేదీ 2019 మే 22. సెషన్‌ను సంవత్సరంగా పొరబడి పట్టికలు కట్టినవాళ్ల లెక్క ఇక్కడే ఒక ఏడాది జరిగిపోతుంది. 1975 నాటి 30వ సెషన్ దాకా పద్ధతి వేరు. అప్పట్లో వరస సంఖ్య ముందు వచ్చేది, సెషన్ సంఖ్య రోమన్ అంకెల్లో బ్రాకెట్ల మధ్య వెనక వచ్చేది. పాత తీర్మానాన్ని కొత్త పద్ధతిలో కొట్టి దొరకలేదనుకోవడం మామూలే. గుర్తులో ఈఎస్ అని ఉంటే అది అత్యవసర ప్రత్యేక సెషన్. పదో అత్యవసర సెషన్ 1997లో మొదలైంది. పదకొండోది 2022లో మొదలైంది. ఇవి ఏళ్ల తరబడి వాయిదా పడుతూ మళ్లీ తెరుచుకుంటాయి కాబట్టి వీటికి 1945 సూత్రం పనికిరాదు.

పేజీలో కనిపించేది, దాని అర్థం

ఉక్రెయిన్‌పై రష్యా దాడిని తప్పుబట్టిన 2022 మార్చి 2 నాటి ఏ/ఆర్ఈఎస్/ఈఎస్-11/1 రికార్డు తెరిస్తే పైన ముసాయిదా గుర్తు, సమావేశం గుర్తు, తేదీ ఉంటాయి. కింద మొత్తాలు ఇలా ఉంటాయి: అనుకూలం 141, వ్యతిరేకం 5, తటస్థం 35, ఓటు వేయనివి 12, మొత్తం సభ్యులు 193. ఆ కింద అక్షర క్రమంలో దేశాల పేర్లు. అనుకూలమైతే ముందు వై, వ్యతిరేకమైతే ఎన్, తటస్థమైతే ఏ. ఓటు వేయని దేశం ముందు ఏ అక్షరమూ ఉండదు, ఉత్త పేరే. ఈ ఖాళీని కంటికి ఆనకుండా వదిలేసే పాఠకులే ఎక్కువ. చిన్న దేశాలను చదవడానికి అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం అదే.

మన పత్రికలు ఈ విషయంలో చేసే గందరగోళం అంతా ఇంతా కాదు. "ఓటింగ్‌కు దూరం" అని శీర్షిక పెట్టి కింద "గైర్హాజరు" అని రాసేస్తారు. ఈఎస్-11/1 మీద భారత్, చైనా తటస్థంగా ఉన్నాయి. అంటే సభలో కూర్చుని తటస్థం మీట నొక్కాయి. వెనెజువెలా అసలు ఓటే వేయలేదు. ఈ రెండూ ఒకటి కావు. మీట నొక్కడం అంటే ఒక వైఖరి తీసుకోవడం, దానికి రాజధాని నుంచి ఆదేశం వచ్చి ఉంటుంది. వేయకపోవడానికి మాత్రం కనీసం మూడు కారణాలు ఉండొచ్చు.

ఒకటి, కావాలని లేచి వెళ్లిపోవడం. రెండు, పంపడానికి మనిషి లేకపోవడం. అక్టోబరు, నవంబరు నెలల్లో సర్వప్రతినిధి సభ ఆరు ప్రధాన కమిటీలు పక్కపక్కనే సమావేశమవుతుంటాయి. నలుగురైదుగురు దౌత్యవేత్తలతో నెట్టుకొచ్చే మిషన్ (ఐరాస దగ్గర ఒక దేశం నడిపే కార్యాలయం) ఏ గదిలో ఎవరిని కూర్చోబెట్టాలో ఎంచుకోక తప్పదు. ఒకే తీర్మానం కమిటీలో ఓ లెక్కతో, సభ్యులంతా కూర్చునే ప్లీనరీలో ఇంకో లెక్కతో గట్టెక్కడానికి ఇదొక కారణం. మూడు, బకాయి. ఐరాస ఛార్టర్ 19వ అధికరణ ప్రకారం గత రెండు పూర్తి సంవత్సరాల చందాకు సమానంగా గానీ అంతకంటే ఎక్కువగా గానీ బాకీ పడ్డ దేశం సర్వప్రతినిధి సభలో ఓటు కోల్పోతుంది. 2022 మార్చిలో వెనెజువెలా పరిస్థితి అదే. చందాలో కనీస వాటా బడ్జెట్‌లో 0.001 శాతం, గరిష్ఠం 22 శాతం. కనీస వాటా కట్టలేక ఓటు పోగొట్టుకునే దేశాలు కూడా ఉంటాయి. బాకీ తీర్చలేకపోవడం తమ చేతుల్లో లేదని సభ నమ్మితే మినహాయింపు ఇస్తుంది. కొమొరోస్, సోమాలియా, సావో టొమే ప్రిన్సిపే ఆ మినహాయింపుతో ఓటేసిన సెషన్లున్నాయి. ఈ మూడు కారణాల్లో ఏది వర్తిస్తుందో డిజిటల్ లైబ్రరీ ఓటింగ్ పేజీ చెప్పదు. 19వ అధికరణ కింద సెక్రటరీ జనరల్ రాసే ఉత్తరాల్ని విడిగా వెతుక్కోవాలి.

తటస్థం బరువు ఎంతో తెలియాలంటే 2022 ఏప్రిల్ 7 నాటి ఈఎస్-11/3 చూడాలి. మానవ హక్కుల మండలి నుంచి రష్యాను సస్పెండ్ చేసిన తీర్మానం అది. అనుకూలం 93, వ్యతిరేకం 24, తటస్థం 58, ఓటు వేయనివి 18. మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. 193లో 93 అంటే సగం కూడా లేదు, మరి ఎలా నెగ్గింది? సభ నియమాల్లో 86వది "హాజరై ఓటేసిన" అంటే అనుకూలంగానో వ్యతిరేకంగానో వేసినవాళ్లు మాత్రమే అంటుంది. తటస్థులు లెక్కలోకి రారు. 93, 24 కలిపితే 117. అందులో మూడింట రెండొంతులు 78. ఇంకా 15 మిగులుంది. అంటే ఆ 58 దేశాలు తటస్థంగా ఉండి తీర్మానాన్ని ఆపలేదు, పైగా దారిలోంచి తప్పుకున్నాయి. వ్యతిరేకంగా వేసివుంటే ఓడిపోయేది. అందుకే కొన్ని తీర్మానాల ముందు తటస్థం మీట నొక్కమని నచ్చజెప్పడమే పెద్ద దౌత్యపు పని అయిపోతుంది. పేజీలో అంకెలన్నీ ఉన్నాయి కానీ, ఏ మెజారిటీ వర్తించిందో ఉండదు. అది పీవీలో అధ్యక్షుడి మాటల్లో దొరుకుతుంది.

ఓటు వెనక కారణం

హిందూ మహాసముద్రంలో బ్రిటన్ పాలించిన ఛాగోస్ ద్వీపాలు తమవంటూ మారిషస్ తెచ్చిన తీర్మానాలు ఈ సేవను పరీక్షించడానికి మంచి సరుకు. 2017 జూన్ 22న అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అడగాలన్న 71/292 తీర్మానానికి 94 అనుకూలం, 15 వ్యతిరేకం, 65 తటస్థం. న్యాయస్థానం అభిప్రాయం వచ్చాక 2019 మే 22న, బ్రిటన్ అక్కడి పాలనను ఉపసంహరించుకోవాలన్న 73/295కి 116 అనుకూలం, 6 వ్యతిరేకం, 56 తటస్థం. రెండు రికార్డులూ పక్కపక్కన తెరిచి పెట్టుకుంటే చాలు, ఒక చిన్న ద్వీప దేశం భద్రతా మండలి శాశ్వత సభ్యదేశాన్ని ఎలా ఒంటరిని చేసిందో పేరు పేరునా కనబడుతుంది. ఇంత పని ఉచితంగా, పది నిమిషాల్లో చేసిపెట్టే సేవ ఇంకోటి లేదు.

అదే పేజీ తప్పుదోవ కూడా పట్టిస్తుంది. 2019లో వ్యతిరేకంగా వేసిన ఆరు దేశాలు: బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, హంగరీ, ఇజ్రాయెల్, మాల్దీవులు. పట్టిక మాత్రమే చూసేవాళ్లు మాల్దీవులు పాశ్చాత్య శిబిరంలో చేరిపోయాయని రాసేస్తారు. సమావేశం పీవీ తెరిచి ఓటు వివరణ చదివితే కథ వేరు. ఛాగోస్ ఎవరిదన్న తీర్పు తమ తీరం నుంచి సముద్రం అడుగున సాగే నేల (కాంటినెంటల్ షెల్ఫ్) హద్దుల మీద పడుతుందన్నది వాళ్ల బెంగ. అది శిబిరం గొడవ కాదు, సరిహద్దు గొడవ. ఓటింగ్ రికార్డులోంచి పీవీకి వెళ్లే దారి ఒక్క క్లిక్ దూరంలోనే ఉంది. ఆ క్లిక్ చేయకుండా చిన్న దేశం ఓటుకు కారణం రాయకూడదు.

2017 డిసెంబరు 21 నాటి ఈఎస్-10/19, అంటే జెరూసలేం తీర్మానం కూడా అంతే. 128 అనుకూలం, 9 వ్యతిరేకం, 35 తటస్థం, 21 ఓటు వేయనివి. ఆ తొమ్మిదిలో అమెరికా, ఇజ్రాయెల్, గ్వాటెమాలా, హోండురాస్, టోగోలతో పాటు మార్షల్ దీవులు, మైక్రోనేషియా, నౌరు, పలావ్ ఉన్నాయి. ఇందులో మార్షల్ దీవులు, మైక్రోనేషియా 1986 నుంచి, పలావ్ 1994 నుంచి అమెరికాతో స్వేచ్ఛా సహవాస ఒప్పందంలో ఉన్నాయి. రక్షణ బాధ్యత అమెరికాది, బదులుగా నిధులు, అమెరికాలో ఉండి పనిచేసుకునే వీలు. ఆ ఒప్పందం సంగతి తెలియకుండా ఓటు ఒక్కటే చూస్తే మధ్యప్రాచ్యం మీద పలావ్‌కు గట్టి అభిప్రాయం ఉందనిపిస్తుంది. నౌరుకు అలాంటి ఒప్పందం లేదు కాబట్టి దాన్ని ఇదే గాట కట్టకూడదు.

పీవీ తెరిచినప్పుడు పుట అడుగున చిన్న అక్షరాల్ని వదలొద్దు. ఓటింగ్ అయిపోయాక కొన్ని ప్రతినిధి బృందాలు తమ ఉద్దేశం వేరని సచివాలయానికి చెబుతాయి. పొరపాటున వేరే మీట నొక్కామనో, ఆ సమయానికి అందుకోలేకపోయామనో. ఆ సంగతి అడుగు గమనికలో పడుతుంది గానీ మొత్తాలు మారవు. అంటే లెక్క ఒకటి, ఉద్దేశం ఇంకోటి. చిన్న మిషన్ల విషయంలో ఈ గమనికలు చూడకుండా ముందుకెళ్తే పరిశోధన వ్యాసం కింద అభ్యంతరం రాయడానికి సమీక్షకుడికి సులువైన చోటు దొరికినట్టే.

పట్టికలో పడనివి

వనువాటు జనాభా దాదాపు మూడు లక్షలు. వాతావరణ మార్పుల విషయంలో దేశాల బాధ్యతలేమిటో చెప్పమని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగాలంటూ అది ముందుండి తెచ్చిన 77/276 తీర్మానం 2023 మార్చి 29న నెగ్గింది. సహ ప్రతిపాదకులు 130కి పైగా. న్యాయస్థానం 2025 జులై 23న అభిప్రాయం చెప్పింది. ఇటీవలి కాలంలో ఒక చిన్న దేశం సాధించిన అతి పెద్ద దౌత్య విజయాల్లో ఇదొకటి. ఓటింగ్ రికార్డుల్లో దీనికి దేశాలవారీ వివరం సున్నా, ఎందుకంటే ఓటింగే జరగలేదు. లీచ్‌టెన్‌స్టైన్ సంగతీ అంతే. దాదాపు నలభై వేల జనాభా ఉన్న ఆ దేశం చొరవతో 2022 ఏప్రిల్ 26న వచ్చిన 76/262 ప్రకారం, భద్రతా మండలిలో ఎవరు వీటో వేసినా పది పని దినాల్లో సర్వప్రతినిధి సభ సమావేశమై చర్చించాలి. అయిదుగురు శాశ్వత సభ్యులకూ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి తెచ్చిన తీర్మానం అది. ఓటింగ్ లేదు, పట్టిక లేదు.

ఇలాంటివాటికి ముసాయిదా పట్టుకోవాలి. గుర్తులో ఎల్ అక్షరం ఉండేది ముసాయిదా. వనువాటు తీర్మానానిది ఏ/77/ఎల్.58. మొదటి ప్రతిపాదకుల పేర్లు దాని మీదే ఉంటాయి. తర్వాత చేరినవి అనుబంధంలో, ఇంకా ఆలస్యంగా చేరినవి సమావేశంలో సచివాలయం చదివి వినిపించినప్పుడు పీవీలో. ఈ మూడు చోట్లా చూసి జాబితా కట్టాలి. ఒక్క ముసాయిదా చూసి సహ ప్రతిపాదకుల సంఖ్య రాస్తే తక్కువ వస్తుంది. ఏ దేశం మొదటి జాబితాలో ఉంది, ఏది ఆఖరి నిమిషంలో చేరింది అన్న తేడా ఓటు కంటే ఎక్కువ చెబుతుంది.

కమిటీలో జరిగేదీ ఇందులో లేదు. 1967 నవంబరు 1న మాల్టా రాయబారి ఆర్విడ్ పార్డో సముద్రగర్భం మానవాళి ఉమ్మడి సొత్తు అంటూ మాట్లాడింది మొదటి కమిటీలో, ఏ/సీ.1/పీవీ.1515లో. 1982 సముద్ర చట్టాల ఒప్పందానికి దారివేసిన ప్రసంగాల్లో అది ముఖ్యమైనది. ఓటింగ్ రికార్డుల్లో మాల్టా అని ఎంత వెతికినా అది తగలదు. పేరాగ్రాఫుల మీద విడిగా జరిగే ఓటింగ్‌కు కూడా పీవీయే గతి. ఎన్నికలైతే రహస్య బ్యాలెట్టు. 2019 జూన్‌లో సెయింట్ విన్సెంట్ అండ్ ది గ్రెనడీన్స్ 185 ఓట్లతో భద్రతా మండలికి ఎన్నికైంది. అంత చిన్న దేశం అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. ఆ 185 ఎవరివో ఏ రికార్డూ ఎప్పటికీ చెప్పదు.

వీటోకు గురైన ముసాయిదాకు తీర్మానం సంఖ్య రాదు కాబట్టి అదీ ఇక్కడ దొరకదు. ఉక్రెయిన్‌పై దాడి విషయంలో వచ్చి, 2022 ఫిబ్రవరి 25న రష్యా వీటో చేసిన ఎస్/2022/155కు 11 అనుకూలం, 1 వ్యతిరేకం, 3 తటస్థం. ఆ మూడు చైనా, భారత్, యూఏఈ. వీటోల జాబితాను డాగ్ హామర్‌షెల్డ్ లైబ్రరీ వేరే పేజీలో పెట్టింది. ఓటింగ్ రికార్డులనే భద్రతా మండలి పూర్తి చరిత్ర అనుకుంటే పెద్ద దేశాల విధానంలో అన్నిటికంటే పదునైన భాగమే జారిపోతుంది.

ఫైలు దించుకుని లెక్కలు వేసేవాళ్లకు

సర్వప్రతినిధి సభ ఓటింగ్ మొత్తం ఒకే సీఎస్‌వీ ఫైలుగా డిజిటల్ లైబ్రరీలోనే దొరుకుతుంది. ఒక్కో వరసలో ఒక దేశం, ఒక తీర్మానం. ఓటు గడిలో వై, ఎన్, ఏ. వేయకపోతే ఎక్స్. పేజీలో ఖాళీగా కనబడేది ఇక్కడ ఎక్స్ అయిందని గుర్తుంచుకోవాలి. పరిశోధకులు ఎక్కువగా వాడే మరో ఫైలు హార్వర్డ్ డేటావర్స్‌లో ఉంది. ఎరిక్ వోటెన్, సహచరులు సిద్ధం చేసింది. అందులో అక్షరాల బదులు అంకెలు: 1 అనుకూలం, 2 తటస్థం, 3 వ్యతిరేకం, 8 గైర్హాజరు, 9 అప్పటికి సభ్యదేశం కాదు. అంకెలు కదా అని తిన్నగా సగటు తీసేస్తే 8, 9 కలిసిపోయి, ఎక్కువసార్లు రాలేకపోయిన చిన్న దేశం పరమ వ్యతిరేకిగా తేలుతుంది. లెక్క మొదలుపెట్టకముందే ఆ రెంటినీ తీసేయాలి.

ఇక పొంతన శాతం, అంటే రెండు దేశాలు నూటికి ఎన్నిసార్లు ఒకేలా ఓటేశాయన్న లెక్క. ఒక పెద్ద దేశం, ఒక చిన్న దేశం జంట తీసుకుందాం. ఏడాదిలో 80 ఓటింగ్‌లు జరిగాయని, రెండూ ఓటేసినవి 60 అని, అందులో ఒకేలా వేసినవి 42 అని అనుకుందాం. 80తో భాగిస్తే 52.5 శాతం, 60తో భాగిస్తే 70. వేరుగా వేసిన 18లో 12 చోట్ల ఒక దేశం తటస్థంగా ఉందనుకుని దానికి సగం మార్కు ఇస్తే 80 శాతం. ఒకే జంటకు మూడు అంకెలు, మూడూ లెక్క ప్రకారం ఒప్పే. గైర్హాజరు ఎక్కువగా ఉన్న చిన్న దేశానికి మొదటి పద్ధతి అన్యాయం చేస్తుంది. ఏ పద్ధతి వాడారో చెప్పని పొంతన శాతాన్ని, ఎవరు ప్రచురించినా, పక్కన పడేయడం మంచిది.

ఏటేటా తిరిగొచ్చే తీర్మానాలు ఇంకో ముల్లు. క్యూబాపై అమెరికా ఆంక్షల తీర్మానం 1992లో 59 అనుకూలం, 3 వ్యతిరేకం, 71 తటస్థంతో మొదలైంది. 2016లో 191 అనుకూలం, వ్యతిరేకం ఒక్కటీ లేదు, తటస్థం 2. ఆ రెండు అమెరికా, ఇజ్రాయెల్. ఏడాది ముందే హవానాతో దౌత్య సంబంధాలు పునరుద్ధరించిన అమెరికా తన సొంత ఆంక్షల మీదే తటస్థంగా ఉందన్నమాట. 2022 నాటికి మళ్లీ 185, 2, 2. ఒక్క తీర్మానాన్నే ఏళ్ల వెంబడి చూస్తే దేశాల కదలిక ఇంత బాగా తెలుస్తుంది, ఈ సేవ నుంచి రాబట్టగలిగే అత్యుత్తమ ప్రయోజనం కూడా ఇదే. అన్నిటినీ కలిపి సగటు తీస్తే మాత్రం ఇలా తిరిగొచ్చేవే తూకాన్ని ఒకవైపు లాగేస్తాయి. పశ్చిమాసియా తీర్మానాలు ఏటా బోలెడు వస్తాయి కాబట్టి అమెరికాతో ఏ దేశానికి పొంతన లెక్కగట్టినా సగం కథ ఇజ్రాయెల్ గురించే అయిపోతుంది. అంశాలవారీగా విడగొట్టి లెక్క వేయడం తప్ప దారి లేదు.

పాత ఓట్లతో పని ఉంటే దేశాల పేర్లు సరిచూసుకోవాలి. బర్మా, జైరే, చెకోస్లొవేకియా ఆనాటి పేర్లతోనే ఉంటాయి. 1958 నుంచి 1961 దాకా ఈజిప్టు, సిరియా కలిసి ఒకే సభ్యదేశం. ఇండోనేషియా 1965 జనవరిలో బయటికి వెళ్లి 1966 సెప్టెంబరులో తిరిగొచ్చింది. చైనా పేరు మీద 1971 అక్టోబరు 25కు ముందు ఓటేసింది తైపే. ఇది మర్చిపోయి 1960ల చైనా ఓట్లను బీజింగ్ ఖాతాలో వేసిన పట్టికలు కనబడుతూనే ఉంటాయి. చేతులెత్తించి లెక్క మాత్రమే రాసుకున్న పాత ఓటింగ్‌లకు మొత్తాలుంటాయి, పేర్లుండవు. అవి ఎక్కడా దొరకవు, వెతకడం మానేయొచ్చు.

"చిన్న దేశం" అనే వడపోత ఫైలులో లేదు, మనమే పెట్టుకోవాలి. సింగపూర్ చొరవతో 1992లో ఏర్పడ్డ చిన్న దేశాల వేదిక కోటి జనాభాను గీతగా పెట్టుకుంది. కామన్వెల్త్ 15 లక్షల గీత పెట్టుకుని, దాన్ని దాటిన జమైకా లాంటివాటిని కూడా కలుపుకుంది. గీత మారితే ఫలితం మారుతుంది. రెండు గీతలతోనూ లెక్క వేసి చూపడమే నిజాయితీ.

పక్కన పెట్టుకోవాల్సినవి

అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి వేస్తున్న దౌత్య పత్రాల సంపుటాలు ఇప్పుడు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. 1971 దక్షిణాసియా సంక్షోభం మీదున్న సంపుటం ఒక్కటి చదివినా, ఓటు వెనక ఎంత సరుకు ఉంటుందో తెలుస్తుంది. చిన్న దేశం వాటిలో ఎప్పుడూ అమెరికా రాయబారి టెలిగ్రాంలోనే మాట్లాడుతుంది, తన నోటితో కాదు. పెద్ద దేశం జ్ఞాపకం అచ్చవుతుంది, చిన్న దేశానిది చాలాసార్లు అలమారాలోనే ఉండిపోతుంది.

స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ సిప్రి ఆయుధ బదిలీల పట్టిక 1950 నుంచి ఉంది. అందులోని టీఐవీ అంకె డాలర్లు కాదు, ఆయుధ సామర్థ్యానికి కట్టిన తూకం. దాన్ని డబ్బుగా రాయకూడదు. ఒక చిన్న దేశం ఓ ఏడాది రెండు గస్తీ నౌకలు కొంటే గీత నిలువునా లేచి, తర్వాత పదేళ్లు నేలకు అతుక్కుంటుంది కాబట్టి అయిదేళ్ల సగటే వాడాలి. ఆస్ట్రేలియాలోని లోవీ సంస్థ దౌత్య సూచీ దేశాల మధ్య రాయబార కార్యాలయాలు, కాన్సులేట్ల లాంటి దౌత్య కార్యాలయాలను లెక్కపెడుతుంది. 2024 లెక్కలో చైనాకు 274, అమెరికాకు 271. పెద్దవాళ్ల పోటీ చూడటానికి బాగుంటుంది. ఆసియా, జీ20, ఓఈసీడీ పరిధి దాటదు కాబట్టి కరీబియన్, ఆఫ్రికా చిన్న దేశాల కోసం వెళ్తే చేయి ఖాళీ. ఒకే రాయబారి నాలుగు దేశాలకు నియుక్తుడై, మిగతా ప్రపంచంతో న్యూయార్క్ మిషన్ ద్వారానే పని నడిపించే దేశాన్ని భవనాల లెక్కతో ఎలాగూ కొలవలేం.

మళ్లీ డిజిటల్ లైబ్రరీకి వస్తే, గుర్తు కొట్టినా రికార్డు దొరక్కపోయినా, ఓటింగ్ పేజీలోని మొత్తాలకూ పీవీలోని మొత్తాలకూ తేడా వచ్చినా, లైబ్రరీవాళ్లు నడిపే ఆస్క్ డాగ్ అనే పేజీ ఉంది. తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు అక్కడే ఉన్నాయి, లేనిదానికి ప్రశ్న పంపొచ్చు. పంపేటప్పుడు తీర్మానం గుర్తు, ఓటింగ్ తేదీ, పీవీ గుర్తు, తేడా కనబడిన పుట సంఖ్య నాలుగూ ఒకే సందేశంలో పెట్టాలి.